ఆకుల రసమే కదా అన్నారు

2012లో నేను నారాయణగూడలో బీఫార్మసీ మూడో సంవత్సరం చదువుతున్నాను. అశోక్‌నగర్ హాస్టల్లో నా గదిలో ఉండే అక్క గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేది. ఆమెకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. రోజూ మాత్ర వేసుకోవడం వల్ల చాలా ఏళ్లుగా రాలేదు. ఆ సంగతి హాస్టల్లో నాకొక్కదానికే తెలుసు.

చదివింది గుర్తుండటం లేదని అక్క ఒకటే బాధపడేది. ఎప్పుడూ తన మాత్రలు కొనుక్కునే చిక్కడపల్లి మందుల షాపులోనే, జ్ఞాపకశక్తికి ఏమైనా ఉందా అని అడిగింది. ఆ షాపాయన చదువుకున్న ఫార్మసిస్టు, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నవాడు. ఫిట్స్ మాత్రలూ శంఖపుష్పి సిరప్పూ ఒకే కవర్లో వేసి ఇచ్చాడు. పరీక్షలకు చదివేవాళ్లంతా ఇదే తాగుతున్నారని కూడా చెప్పాడట.

కొన్ని వారాల తర్వాత అక్క వీధి చివరున్న రీడింగ్ రూమ్‌లో కుర్చీలోంచి పడిపోయింది. కబురు తెలిసి నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి నాలుక కొరుక్కుని నోరంతా రక్తం. ఎవరో ఆమె చేతిలో తాళాలగుత్తి పెట్టి గట్టిగా పట్టుకున్నారు. చుట్టూ జనం.

హైదర్‌గూడలో డాక్టరు రక్తపరీక్ష చేయించాడు. రక్తంలో మందు ఉండాల్సినంత లేదు. మాత్రలు మానేశావా అని గద్దించాడు. ఒక్క పూట కూడా మానలేదని అక్క ఏడ్చింది. ఇంకేమైనా మందులు వాడుతున్నావా అంటే లేదంది. అది అబద్ధం కాదు. ఆమె దృష్టిలో సిరప్ మందే కాదు. సిరప్ తాగుతోందని నేనే చెప్పాను. శంఖపుష్పి ఆ మాత్ర పనిని దెబ్బతీస్తుందని, ఇకమీదట ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. శంఖపుష్పి మాకు పాఠం. ఆ మొక్క బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసి మార్కులు తెచ్చుకున్నాం. తాగిన మనిషికి ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. మర్నాడు క్లాసులో లేచి అడిగితే, సిలబస్‌లో లేనివి ఎందుకని మేడమ్ కసురుకుంది. మన మొక్కల మీద నమ్మకం పోయేలా మాట్లాడకూడదని కూడా అంది. మొక్కల మందుకు సైడ్ ఎఫెక్టులు ఉండవని వెనక బెంచీలో ఒకడు అన్నాడు. సగం క్లాసు తలూపింది. రేపు కౌంటర్ల వెనక నిలబడబోయేది వీళ్లే.

ఆ సాయంత్రం షాపుకు వెళ్లాను. వద్దంటూనే అక్క నా వెంట వచ్చింది.

"అన్నా, ఈ మాత్ర వేసుకునేటోళ్లకు ఆ సిరప్ ఇయ్యొద్దని తెల్వదా?" అన్నాను.

"ఆకుల రసమే కదమ్మా. పనిచేస్తే చేస్తది, లేకుంటే లేదు. నష్టమైతే చెయ్యది."

"నష్టం చేసింది. ఈమెకు ఫిట్స్ వచ్చి పడిపోయింది."

షాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. అక్క నన్ను చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి లాక్కొచ్చింది.

"నాకు ఫిట్స్ అని బజార్ల అందరికి చెప్తవా? హాస్టల్ ఆంటీకి తెలిస్తే గది ఖాళీ చెయ్యమంటది. ఊర్ల తెలిస్తే ఇగ అంతే," అంది.

ఆమె జబ్బు సంగతి ఈ నగరంలో డాక్టరుకు కాక దాచకుండా చెప్పుకున్నది ఇద్దరికే. నాకు, ఆ షాపాయనకు. డాక్టరు చీటీ చూసి నెలనెలా మాత్రలిచ్చినవాడు ఆయనే. ఆ సిరప్ ఆమెకు ఇవ్వకూడదని తెలిసి ఉండాల్సిన మనిషి కూడా ఆయనే.

సిరప్ మానేశాక ఫిట్స్ మళ్లీ రాలేదు. కానీ అక్క రీడింగ్ రూమ్‌కు మళ్లీ వెళ్లలేదు. అక్కడ అందరూ తననే చూస్తారని భయం. గదిలో పుస్తకం ముందేసుకుని కూర్చునేది, పేజీ తిరిగేది కాదు. ఎండాకాలం రాకముందే పుస్తకాలు జూనియర్లకు ఇచ్చేసి ఊరికి వెళ్లిపోయింది.

చదువయ్యాక నేను బషీర్‌బాగ్‌లో ఒక ఆసుపత్రి ఫార్మసీలో చేరాను. చీటీ తెచ్చిన ప్రతి ఒక్కరినీ, పొడులు, కషాయాలు, సిరప్‌లు ఇంకేమేం తాగుతున్నారని అడుగుతాను. వెనక లైనులో ఉన్నవాళ్లు విసుక్కుంటారు, పక్కన పనిచేసేవాళ్లు నవ్వుకుంటారు. విసుక్కోనీ, నవ్వుకోనీ.