తెరచాప పడవకు దీపాలు

మొన్న ఆదివారం పేపర్లో, ధారూర్ దగ్గరి ప్రాజెక్టు నీళ్లమీద పడుచుపిల్లలు రంగురంగుల ప్లాస్టిక్ పడవలు నడుపుతున్న ఫొటో చూసి, కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు దానివంకే చూస్తూ కూర్చున్నాను. అరవైల చివర్లో ఆ నీళ్లు కొత్తగా నిండినప్పుడు అక్కడ తిరిగిన ఒకే ఒక్క పెద్ద పడవకు దీపాలు వెలిగించింది నేనేనంటే మా ఇంట్లోవాళ్లే నమ్మరు. ఆ కాలం చూసిన మీరైనా నమ్ముతారేమోనని రాస్తున్నాను.

తాండూరు స్టేషన్ రోడ్డులో మా నాయనకు బ్యాటరీల దుకాణం ఉండేది. నాపరాళ్లు మోసే లారీలకు డైనమోలు, దీపాలు బాగుచేసేవాడు. నాకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఆయన కళ్లకు పొరలు కమ్మి, ఏది ఎర్ర వైరో ఏది నల్ల వైరో తెలియకుండా పోయింది. ఆ సంగతి బయటపడితే లారీలు మరో దుకాణానికి పోతాయని, డ్రైవర్లను చాయ్‌కి పంపించి, ఆయన చెబుతుంటే నేను చేసేదాన్ని. వాళ్లు తిరిగొచ్చేసరికి స్క్రూడ్రైవర్ మళ్లీ ఆయన చేతిలో ఉండేది. ఏడాదిన్నర అలాగే నెట్టుకొచ్చాం.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, ఆ ప్రాజెక్టులో పడవ నడిపేవాడు. పట్నంలో ఎవరో దొర సరదాకు కొనుక్కున్న తెరచాప పడవట. అది ముసలిదయ్యాక, అవతలి గట్టు పొలాలకు కూలీలను దాటించడానికి ఇక్కడికి చేరింది. ఒకరోజు మునిమాపువేళ దీపాలు వెలగక అది చేపలవాళ్ల తెప్పను గుద్దుకుని ఇద్దరు ఆడవాళ్లు నీళ్లలో పడ్డారు. ప్రాణాలు దక్కాయి గానీ, దీపాలు బాగయ్యేదాకా పొద్దు వాలితే పడవ కదలకూడదని ఓవర్సీయరు కట్టడి చేశాడు. దాంతో చంటిపిల్లలను ఇవతల విడిచి కలుపుకు పోయిన తల్లులు కూడా గట్టంతా చుట్టి నడిచి రావాల్సి వచ్చింది. మామ తాండూరు వచ్చి నాయన పక్కన కూలబడ్డాడు.

"బావా, జర నువ్వే సూడాలె. చీకట్ల పాముల నడుమ నడుస్తున్నరు ఆ ఆడోళ్లు."

మర్నాడు నాయనా నేనూ రైల్లో ధారూర్‌లో దిగి, ప్రాజెక్టుకు చేరాం. పడవ అడుగు చెక్కలు ఎత్తి చూశాను. వైర్ల మీది రబ్బరు వేలు తగిలితే పొడిగా రాలుతోంది, లోపలి రాగి పచ్చగా చిలుము పట్టి విరిగిపోతోంది. మొత్తం పీకేసి, లారీకి వేసినట్టే దీపానికి ఒక్కో వైరు లాగి బిగించాను. నాయన పక్కనే ఉండి చెబుతుండటంతో, చూసేవాళ్లకు నేను ఆయనకు సాయం చేస్తున్నట్టే ఉంది. స్విచ్చు వేస్తే ఒక్కటీ వెలగలేదు. బల్బులు మార్చాను, బ్యాటరీ చూశాను. ఒడ్డున ఓవర్సీయరు గడియారం చూసుకుంటున్నాడు. నాయన వంగి, దీపం బిగించిన చోటును అరచేత్తో తడిమాడు.

"బిడ్డా, లారీకైతే దాని ఇనుప ఒళ్లే రెండో వైరు. గిది కట్టె గద! కరెంటు ఎట్ల తిరిగొస్తది?"

సిగ్గుతో నా ముఖం వేడెక్కింది. ప్రతి దీపానికీ రెండు వైర్లు కావాలి. తెచ్చినది సగానికే వస్తుంది. రేపు సాయంత్రం దాకా చూస్తానని, అప్పటికీ కాకపోతే పడవను ఒడ్డుకు లాగించేస్తానని చెప్పి ఓవర్సీయరు వెళ్లిపోయాడు. మామ ఆ పూటే వికారాబాద్ పోయి వైరు చుట్ట తెచ్చాడు.

తెల్లవారగానే మళ్లీ మొదలుపెట్టాను. కింది దీపాలు కుదిరాయి గానీ, తెరచాప కొయ్య కొసనుండే తెల్ల దీపం దగ్గర చిక్కొచ్చింది. దాని వైరు కొయ్య లోపలి బోలులోంచి పోవాలి. నలుగురి సాయంతో కొయ్యను దించి, ఇరుక్కున్న పాత ముక్కలను ఊచతో లాగేసి, నాయన చెప్పినట్టు పురికొసకు చిన్న మేకు కట్టి, కొయ్యను ఒకవైపు ఎత్తించి లోపలికి వదిలాను. మూడుసార్లు మధ్యలోనే ఆగింది. వేళ్లు చీరుకుపోయినా వదల్లేదు. నాలుగోసారి మేకు అవతలి కొసన టక్కున బయటపడింది. పురికొసకు వైరు కట్టి లాగేశాను.

పొద్దు వాలుతుండగా కొయ్యను నిలబెట్టి స్విచ్చు వేశాను. ఎడమన ఎర్రది, కుడిన ఆకుపచ్చది, పైన తెల్లది, మూడూ వెలిగాయి. అవతలి గట్టున ఎదురుచూస్తున్న ఆడవాళ్లు ఒక్కసారిగా అరిచారు. ఓవర్సీయరు వచ్చి నాయన భుజం తట్టి మెచ్చుకున్నాడు. నాయన ఎప్పటిలా తలూపి ఊరుకుంటాడనుకున్నాను.

"నాకు కండ్లు కనబడవు సారూ. యాడాదిన్నర సంది పనంత నా బిడ్డదే."

మామ వెంటనే నన్ను పడవలో ముందు కూర్చోబెట్టి, ఆడవాళ్లను తీసుకురావడానికి తెర ఎత్తాడు.

ఆ కబురు మాకన్నా ముందే తాండూరు చేరింది. ఆడపిల్ల చెయ్యి పెట్టిన బండి తోలబోమని కొందరు డ్రైవర్లు మళ్లీ రాలేదు. ఆ నెల మాకు కష్టంగానే గడిచింది. మిగిలినవాళ్లు మాత్రం చాయ్‌కి పోకుండా నా పక్కనే కూర్చుని, ఏ వైరు ఎందుకో అడగసాగారు. పెళ్లయ్యాక కూడా ఇరవై ఏళ్లు ఆ దుకాణం నేనే నడిపాను.

ఇప్పుడు ఆడపిల్లలు రైలింజన్లు నడుపుతున్నా ఎవరూ ఆగి చూడరు, అది మంచిదే. నలుగురి ముందు తన లోపం ఒప్పుకోవడానికి ఆనాడు మా నాయన ఎంత గుండె కూడగట్టుకున్నాడో మనవరాలికి చెప్పబోతే, "దాంట్లో ఏముంది నానమ్మా, చేసింది నువ్వే కదా" అంటుంది. ఆ మాటకు సంతోషమేస్తుంది. లోపలెక్కడో కలుక్కుమంటుంది కూడా.