గాజుపెట్టెలో నా నోటుబుక్కు

మా ఇల్లు చూడడానికి ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు ఎవరైనా రావచ్చు. సోమవారం సెలవు. ఆ ఒక్కరోజే నేను మండువాలో కాళ్లు చాపుకుని కూర్చుంటాను.

మా మామగారు పేరున్న రచయిత. తిరువూరు శివారు మామిడితోటలో ఆయన తాతగారు కట్టించిన పెంకుటిల్లు ఇది. ఆయన పోయాక అభిమానులంతా సంఘం పెట్టి దీన్ని స్మారక భవనం చేశారు. వెనకవైపు వంటిల్లు, రెండు గదులు మాకు వదిలారు. వదిలారంటే, ఉండనిచ్చారని. గోడకు మేకు కొట్టకూడదు. వాషింగ్ మెషిన్ వసారాలో కనపడకూడదు. నా పడకగదికి వెళ్లాలంటే సందర్శకుల కోసం కట్టిన ఎర్రతాడు ఎత్తి దూరాలి. ఒకసారి ఒకాయన, తాడు దాటకూడదమ్మా అని నన్నే మందలించాడు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.

నేను కాపురానికి వచ్చేసరికే మామగారికి చేతి వణుకు. ఆయన రాసిన చిత్తు ఆయన తప్ప ఎవరూ చదవలేరు. ఆయన చదువుతుంటే పక్కన కూర్చుని నేను సాపు రాసేదాన్ని. అది పూర్తికాగానే చిత్తు కాగితాలన్నీ నాచేతే నీళ్లపొయ్యిలో వేయించేవారు. తిన్న విస్తరి దాచుకుంటామా అనేవారు. అదొక చాదస్తం. పదిహేడేళ్లు మా ఇంట్లో వేణ్ణీళ్లు ఆయన కథలతోనే కాగాయి.

ఆయన పోయిన కొన్నాళ్లకు నేను వినగడపలో పుట్టింటికి వెళ్లాను. అప్పుడే సంఘంవాళ్లు వస్తే మా ఆయన అలమరలోని నోటుబుక్కులన్నీ తీసి వాళ్ల చేతుల్లో పెట్టారు. రాసింది ఎవరైతేనేం, మాటలు నాన్నవే కదా అనుకున్నారట. వాటి అడుగున నాది ఒకటుంది. మధ్యాహ్నాలు వంటిల్లు సర్దుకున్నాక నాకోసం నేను రాసుకున్న కథ. నేను తిరిగి వచ్చేసరికి అది గాజుపెట్టెలో ఉంది. పక్కన 'అసంపూర్తిగా మిగిలిన చివరి నవల' అని చీటీ.

మా ఆయనకు చెబితే తల పట్టుకున్నారు, నాన్న పరువు తీయకు అన్నారు. ఇక లాభం లేదని సంఘం కార్యదర్శినే అడిగాను. రిటైరైన లెక్చరరు, మంచివాడు.

“అది నా కథండీ. నా పుస్తకం నాకిచ్చేయండి.”

ఆయన నమ్మారు. అదే నాకు పెద్ద దెబ్బ. వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

“మీదేనమ్మా, కాదనను. ఇది మీ చేతిరాతంటే, మరి ఇదే రాతలో ఉన్న మిగతావన్నీ ఎవరివని అడుగుతారు. పెద్దాయన అక్షరం ఒక్కటి కూడా లేని ఇంటికి ఎవరొస్తారు చెప్పండి?”

ఆ అక్షరాలను పొయ్యిలో వేసింది నేనే. పోనీ మళ్లీ మొదటినుంచి రాసుకుందామని కూర్చున్నాను. ఎవరి కంటైనా పడితే మామగారి నవల ఎత్తిరాసింది అంటారు. పెన్ను పక్కన పెట్టేశాను. గాజుపెట్టె తాళం కార్యదర్శి దగ్గర ఉంటుంది. అద్దం తుడిచే పని నాది. చూడ్డానికి వచ్చినవాళ్లు లోపల తెరిచి పెట్టిన ఆ రెండు పేజీలు చదివి, ఆడవాళ్ల మనసు ఆయనకు ఎంత బాగా తెలుసో అంటుంటారు. ఊఁ కొడతాను.

పోయిన నెలలో విస్సన్నపేట నుంచి ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. అందరిలా ఫొటో తీసుకుని వెళ్లిపోలేదు. అద్దం మీదికి వంగి ఒక్కో లైనూ చదివింది. నా కథలో ఒకావిడ ఇంట్లో చెప్పకుండా వచ్చి బస్టాండులో కనిపించిన బస్సు ఎక్కేస్తుంది. కండక్టరు వచ్చి, ఎక్కడికమ్మా అంటాడు. పేజీ అక్కడితో అయిపోతుంది. ఆమె చెప్పే జవాబు కోసం నేను రెండు నెలలు తిప్పలు పడ్డాను. అది అవతలి పేజీలో మొదటి లైను.

ఆ అమ్మాయి తలెత్తి నన్ను చూసింది.

“ఎక్కడికని చెప్తుందండీ?”

నోటిదాకా వచ్చింది. వెనక గదిలో మా ఆయన దగ్గారు.

“నాకేం తెలుసమ్మా,” అన్నాను. “మామగారు ఎవరికీ చెప్పలేదు.”