పై పైపు చల్లగా ఉంది

ఉదయం ఏడూ నలభైకి పురానాపూల్ మీద, ఇంజిన్ వేడి చూపించే సూది ఎర్ర గీత దాటింది. ఆఫీసుకు వెళ్తున్నాను. వంతెన దిగి కారు పక్కకు ఆపాను. ఒక ఆటో అతను తల బయటపెట్టి, "నీళ్లు కొట్టమ్మా, నీళ్లు కొట్టు" అని అరిచి వెళ్లిపోయాడు. ఆ వారమంతా నాకు అందిన సలహాల్లో అన్నిటికన్నా చిన్నది అదే. అందుకు అతన్ని క్షమించాను.

కారు నా భర్తది. ఆయన పోయి అప్పటికి కొన్ని నెలలే అయింది. దాన్ని అందరూ జ్ఞాపకం అనేవాళ్లు. నాకు ఆ మాట గిట్టదు. అది కారు. ఆయన నడిపేవాడు, నాకు నేర్పాడు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఆయన సీటు వెనక్కి జరిపి కూర్చునేవాడు. నేను దాన్ని ముందుకు జరపలేదు, వీపు వెనక దిండు పెట్టుకున్నాను. ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

ఆయన తమ్ముడు కిషన్‌బాగ్‌లోనే, మా వెనక గల్లీలో ఉంటాడు. పదో రోజు భోజనాలు అయిన మర్నాటి నుంచే మొదలుపెట్టాడు. "ఒక్కదానివి, నీకు బండెందుకు వదినా? ఆఫీసుకు నేను దింపుత గద." దింపుతాడు. అంటే నేను ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు రావాలో, దారిలో ఎక్కడ ఆగాలో అతని స్కూటర్ నిర్ణయిస్తుంది. కారు కొనే మనిషిని కూడా చూసిపెట్టాడు. ఆ మనిషి పదో రోజు భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుంటూ టైర్ల వంక చూసినవాడే.

ఆ రోజు మరిది వచ్చాక, ఇద్దరం కలిసి గల్లీ చివర ఉన్న మెకానిక్ దగ్గరికి కారు చేర్చాం. అతను బానెట్ ఎత్తకుండానే తల ఆడించాడు. కారు నడిపింది నేను. సూది ఎక్కడం చూసింది నేను. అతను మాట్లాడింది మాత్రం మరిదితో.

"రేడియేటర్ జామ్ అయింది భాయ్. సాఫ్ చేస్తే ఫికర్ లేదు."

రేడియేటర్ కడిగాడు. మర్నాడు బహదూర్‌పురా కూడా దాటకముందే సూది మళ్లీ ఎర్ర గీత మీద ఉంది. ఈసారి అతనికి ఇంకా పెద్ద మాట కావలసివచ్చింది.

"ఇంజినే పోయింది భాయ్. హెడ్ ఇప్పాలె. ఇప్పినా గ్యారంటీ లేదు. అమ్ముకునుడే బెటర్."

"నేను గట్లనే అనుకున్న," అన్నాడు మరిది. బాధపడుతున్నట్టు కనిపించాలని అతను చేసిన ప్రయత్నం చూడవలసిందే. ఆదివారం పొద్దున ఆ కొనే మనిషిని తీసుకొస్తానన్నాడు. పోయిన ఇంజిన్‌కు ఎంత ఇస్తే అంతే.

కారుతోపాటు వచ్చిన పుస్తకం డాష్‌బోర్డు అరలో ఉంది. అన్నేళ్లలో దాన్ని ఎవరూ తెరిచినట్టు లేదు. సాయంత్రం కూర్చుని చదివాను. అందులో అలంకారాలు లేవు కాబట్టి తొందరగానే అర్థమైంది. ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని లోపలే ఆపి, తర్వాత రేడియేటర్‌లోకి వదిలే చిన్న మూత ఒకటి ఉంటుంది. దాని పేరు థర్మోస్టాట్. అది మూసుకునే ఉండిపోతే ఇంజిన్ మరుగుతుంది. రేడియేటర్‌కు వెళ్లే పై పైపు మాత్రం చల్లగా ఉంటుంది.

మర్నాడు షెడ్డుకు వెళ్లి ఇంజిన్ ఆన్ చేయమన్నాను. సూది ముప్పావు దాకా ఎక్కాక పై పైపు మీద చెయ్యి పెట్టాను.

"అరె మేడమ్, చెయ్యి కాల్తది!"

"కాలాలె. కాల్తలేదు. నువ్వు పట్టుకో."

పట్టుకున్నాడు. వదిలి, మళ్లీ పట్టుకున్నాడు.

"ఇది థర్మోస్టాట్ మేడమ్," అన్నాడు, నాకు తెలియని విషయం చెబుతున్నట్టు. "గింతదానికి లొల్లి ఎందుకు? తీసి పారేస్త."

"కొత్తది వెయ్యి."

"కొత్తదెందుకు? మన ఊరే గరం. గది చలి దేశపోళ్ల ముచ్చట. ఈ గల్లీల ఏ బండికీ లేదు, అన్నిటికి నేనే తీసిన."

గర్వంగానే చెప్పాడు. మా గల్లీలో కార్లున్నవాళ్లు తమ సూది కింది గీత వదలదని గొప్పగా చెప్పుకుంటుంటే చాలాసార్లు విన్నాను. ఎప్పటికీ సరిగ్గా వేడెక్కని ఇంజిన్లు పెట్రోల్ తాగుతూ అరిగిపోతుంటాయి. యజమానులు పెట్రోల్ బంకువాణ్ణి దొంగ అని తిడుతుంటారు. పాడైనదాని చోట ఏమీ పెట్టకపోవడాన్ని మావాళ్లు రిపేర్ అంటారు.

పాతది విప్పించి, దాన్ని తీసుకుని అఫ్జల్‌గంజ్‌లో స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లాను. దుకాణదారు నన్ను, నా చేతిలో ఉన్నదాన్ని మార్చిమార్చి చూశాడు. "ఆజ్‌కల్ కౌన్ డల్వాతా మేడమ్? నికాల్‌కే ఫేంక్ దో." ఇతనూ తీసి పారేయమనే అన్నాడు; ఊరంతా ఒకే గురువు దగ్గర చదువుకున్నట్టుంది. చివరికి పై అరలోంచి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి తీసి, చొక్కా చేతితో తుడిచి ఇచ్చాడు.

ఇంటికొచ్చి పాతదీ కొత్తదీ ఒక గిన్నెలో నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టాను. అప్పుడే మరిది వచ్చాడు.

"ఏంది వదినా, బండి సామాను ఉడకవెడుతున్నవా? ఉప్పేసినవా?"

"నిలబడి చూడు."

నీళ్లు కాగుతుంటే కొత్తదాని మూత మెల్లగా తెరుచుకుంది. నీళ్లు మరిగినా పాతది కదల్లేదు.

"పోయిన ఇంజిన్ ఇదే," అన్నాను.

"నాకేం ఎరుక? మెకానిక్ చెప్పిండు."

"రేడియేటర్ అని కూడా చెప్పిండు."

అతను గిన్నెలోకి ఇంకొంచెంసేపు చూశాడు. చాయ్ తాగకుండా వెళ్లిపోయాడు.

శనివారం షెడ్డులో పక్కన నిలబడి బిగింపించాను. కొత్తదాని నడుమ ఉన్న మూతను కూడా పొడిచి తీసేసి ఉత్త రింగు వేస్తానని మెకానిక్ ఒకసారి, నా మంచి కోసమేనని ఇంకోసారి అన్నాడు. నేను కదల్లేదు. కూలెంట్ నింపి ఇంజిన్ ఆన్ చేశాక సూది సగానికి వచ్చి ఆగింది. పై పైపు పట్టుకోలేనంత వేడిగా ఉంది.

"సూడుర్రి, సగం దాంక ఎక్కింది. తీసేస్తే గింత గూడ ఎక్కకపోవు," అన్నాడు. అతనికి అది ఓటమిలా కనిపించింది.

ఆదివారం మరిది ఆ మనిషిని తీసుకొచ్చాడు. ఇద్దరినీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని అఫ్జల్‌గంజ్ దాకా నడిపాను. పురానాపూల్ దగ్గర ట్రాఫిక్‌లో చాలాసేపు ఇరుక్కున్నాం. సూది సగం దగ్గరే ఉంది. కొనడానికి వచ్చినవాడే ముందు తేరుకున్నాడు.

"బండి మస్తుగుంది గదనే. పోయిందంటివి?"

మరిది కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇంటి ముందు దిగాక, ఆ మనిషి వెళ్లిపోయాక అన్నాడు: "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్ వదినా. అన్న ఉంటే గిట్ల చేస్తుంటివా?"

"మీ అన్న ఉంటే నువ్వు బండి అడుగుతుంటివా?"

అతను తాళంచెవి తీశాడు. స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్లాడు. ఆ తర్వాత నన్ను దింపుతానని ఎప్పుడూ అనలేదు. రోజూ కారులోనే ఆఫీసుకు వెళ్తున్నాను. మెకానిక్ ఇప్పటికీ గల్లీలో కొత్తగా వచ్చిన ప్రతి కారుకూ థర్మోస్టాట్ తీసేస్తూనే ఉన్నాడు. నన్ను చూస్తే నమస్తే పెడతాడు, సలహా ఇవ్వడు.

సంవత్సరీకం అయ్యాక వచ్చిన దసరాకు, చీకటి పడేదాకా తలుపు తీసి ఉంచాను. ఇరుగుపొరుగువాళ్లు వచ్చి, పాత తగాదాలు మరిచిపోదామన్నట్టు చేతిలో జమ్మి ఆకు పెట్టి వెళ్లారు. మరిది రాలేదు, నేనూ వాళ్లింటికి వెళ్లలేదు. మా రెండిళ్ల మధ్య ఇప్పుడు జమ్మి ఇచ్చిపుచ్చుకోవడం లేదు.