పన్నెండో పిల్ల

మొన్న ఏప్రిల్ ఎండ నెత్తి మాడ్చేస్తున్న వేళ, వనపర్తిలో మా ఇంటి ముందు ఇద్దరు ఆడపిల్లలు నిలబడి గేటు గొళ్లెం చప్పుడు చేశారు. ఒకరి చేతిలో గొడుగు, ఇంకొకరి చేతిలో రంగురంగుల కరపత్రాల కట్ట, ఇద్దరి మెడల్లోనూ గుర్తింపు కార్డులు, ఇద్దరి కాళ్లకూ చీలమండల దాకా దుమ్ము. వాళ్లు నోరు తెరవకముందే ఎవరో, ఎందుకొచ్చారో నాకు తెలిసిపోయింది. ప్రైవేటు బడి పంతులమ్మలు, అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నారు. లోపలికి పిలిచి కూర్చోబెట్టి కుండలో నీళ్లిచ్చాను. ఒకమ్మాయి గ్లాసు దించకుండా తాగి, ఇంట్లో చిన్నపిల్లలెవరైనా ఉన్నారా మేడం అని అడుగుతూనే, తలుపు చాటు నుంచి తొంగిచూస్తున్న నా మనవరాలిని చూసేసింది. మూడేళ్లు నిండి నాలుగో ఏడు నడుస్తున్న పిల్ల. ఆ అమ్మాయి ముఖంలో వచ్చిన వెలుగు చూసి నాకు నవ్వు రావలసింది. రాలేదు. ఇంకా ఎంతమంది కావాలమ్మా అని అడిగాను.

"ఇద్దరు తక్కువున్నరు మేడం. సార్ జర గట్టిగనే అన్నడు," అంది తల వంచుకుని.

సాయంత్రం పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన మా అమ్మాయి ఆ కరపత్రాన్ని తన దగ్గరున్న మిగతా వాటితో కలిపి మంచం మీద పరిచింది. ఒకదానిలో తెర మీద పాఠాలట, ఒకదానిలో వ్యాను ఇంటి ముందుకే వస్తుందట, ఇంకొకదానిలో కరాటే కూడా నేర్పుతారట. "మమ్మీ, గిన్నేండ్లు పంతులమ్మగ చేసినవు, ఏది మంచిదో నువ్వే చెప్పు," అని నా ముఖంలోకి చూసింది. పొయ్యి మీద ఏదో ఉన్నట్టు వంటింట్లోకి పోయి, అరలో బోర్లించి ఉన్న ఒక చిన్న గిన్నెను చూస్తూ నిలబడిపోయాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మనం చదువుకున్న రోజుల్లో బడిని ఎంచుకోవడమనే మాటే లేదు. ఊళ్లో ఒక బడి ఉండేది, కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకుంటే అయిదేళ్లు నిండినట్టు లెక్క, పేరు రాసుకునేవారు. చెవి అందక నేను ఒక ఏడాది ఇంట్లోనే ఉండిపోయాను, అందుకు మా అబ్బా, అదే మా నాన్న, నన్ను పొట్టిదానా అని ఏడిపించేవాడు. మన పిల్లల కాలం వచ్చేసరికి మెడకు టై, కాళ్లకు నల్లబూట్లు లేకపోతే చదువే కాదన్నట్టయింది. ఆ టైలు కట్టేవాళ్లలో నేనూ ఒకదాన్ని కావడం నా తలరాత.

మా ఆయనకు బస్టాండు దగ్గర స్కూటర్లు బాగుచేసే షాపుండేది. ఒకనాడు ఇంజను ఎత్తబోయి నడుం పట్టేసి మంచమెక్కాడు, షాపు మూతబడింది, ముప్పై దాటి ఇద్దరు పిల్లల తల్లినైన నేను దూరవిద్యలో తెచ్చుకున్న డిగ్రీ కాగితం ఒక్కటి పట్టుకుని ఒక ప్రైవేటు బడి మెట్లెక్కాను. బడి అంటే అద్దెకు తీసుకున్న రెండంతస్తుల ఇల్లు, మిద్దె మీద రేకుల షెడ్డు, గోడల నిండా నవ్వుతున్న ఎలుగుబంట్ల బొమ్మలు. నాకు ఎల్‌కేజీ అప్పగించారు. ఏడ్చే పిల్లల్ని చంకనేసుకుని ఏబీసీడీలు పాడడంలో నాకంత నేర్పుందని అప్పటిదాకా నాకే తెలియదు. ఆ పని నాకు నచ్చింది, ఇల్లు కూడా దాని మీదే నడిచింది.

ఆ ఏడు ఆఖరి పరీక్షలయిన మరునాడు కరస్పాండెంట్ సారు మమ్మల్నందరినీ పిలిచి తలా ఒక కరపత్రాల కట్ట చేతిలో పెట్టాడు. ఒక్కొక్కరు పన్నెండు అడ్మిషన్లు తేవాలి. "తెచ్చినోళ్లు జూన్ల రాండ్రి, తేనోళ్లు ఇంట్లనే ఉండుండ్రి," అన్నాడు నవ్వుతూ.

పది రోజులు వనపర్తి వీధులన్నీ తిరిగాను. ఏ గేటు తట్టినా నాకంటే ముందు ఇంకో బడి పంతులమ్మ వచ్చి పోయి ఉండేది. మా కరపత్రం మీద నీలికళ్ల దొరబిడ్డ ఒకడు నవ్వుతుండేవాడు. ఒక ముసలమ్మ ఆ బొమ్మను ఎగాదిగా చూసి, మీ బడికి వస్తే మావోడు గూడ ఇంత తెల్లగయితడా అని అడిగింది. కుక్కలు తరిమాయి, ఒక చెప్పు తెగింది, ఒక్క పిల్లా దొరకలేదు. నన్ను నమ్మే మనుషులున్న చోటు ఇక ఒక్కటే మిగిలింది. గోపాల్‌పేట దాటాక ఉండే మా పుట్టినూరు.

ఆ ఊళ్లో మా అమ్మీ ఉండేది. అబ్బా పోయాక, సర్కారు బడిలో మధ్యాహ్నం అన్నం వండే పనిలో చేరింది. రెండు గదులు, ఒక వరండా, వెనక మూడు రాళ్ల పొయ్యి, దాని మీద మోకాలెత్తు అల్యూమినియం డేక్సా. మొదట్లో కొన్ని ఇళ్ల వాళ్లు, సాయిబుల ఇల్లని, మా చేతి అన్నం తినడం ఇష్టం లేక తమ పిల్లలకు ఇంటి నుంచే డబ్బా కట్టి పంపేవారు. అమ్మీ ఎవరినీ ఒక్క మాట అనలేదు. పప్పులో గోంగూర వేసి ఎల్లిపాయ తాలింపు పెట్టి ఊరుకుంది. ఆ వాసనకు ఒక్కొక్క డబ్బా రావడం మానేసింది. ఏ ఇంటి డబ్బా ఏ రోజు నుంచి రాలేదో ఆమె నాకు వరసగా చెప్పేది, చదువులో నాకు బహుమతులొచ్చినప్పుడు కూడా ఆమె ముఖంలో అంత సంతోషం చూడలేదు. బడి ఈడు రాని బుడ్డబుడ్డ పిల్లలు కూడా అక్కల కొంగు పట్టుకుని వచ్చేవారు, వాళ్లకూ పెట్టేది. అందరికీ ఆమె బువ్వమ్మ.

ఆ పిల్లల కోసమే నేను పోయాను. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

బియ్యంలో రాళ్లేరుతున్న అమ్మీ ముందు కూర్చుని అంతా చెప్పుకున్నాను. మా ఆయన నడుం సంగతి, పన్నెండు మంది సంగతి, జూన్ సంగతి. ఆమె చేట దించకుండా విన్నది. "పోయి అడుగు బేటా. నీ పిల్లలు గూడ తినాలె గదా," అన్నది. సర్కారు బడికేం, అది ఎక్కడికీ పోదు, పదిమంది తగ్గితే ఆమెకు పొగ బాధ తగ్గుతుంది అని నేను నిజంగానే అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని పిల్లలకు పాఠాలు చెప్పడానికి ఎట్లా పెట్టుకున్నారో.

రెండు రోజులు ఊరంతా తిరిగాను. ఆటో నడిపే ఒకాయన తన మూడేళ్ల కొడుకు ఇంగ్లీషులో పేరు చెబితే చాలన్నాడు. ఒకామె, తను కింద కూర్చుని చదివింది కాబట్టి, తన బిడ్డకు కూర్చోడానికి బెంచీ ఉంటుందా అని రెండుసార్లు అడిగి, ఉంటుందనగానే కళ్లు తుడుచుకుంది. ఒక తాత బస్సు రంగు అడిగాడు. మా ఊరి ఆడబిడ్డవు, నువ్వు చెప్పినంక ఇంకేమున్నది అని ప్రతి ఇంట్లో మజ్జిగ ఇచ్చి మరీ పేర్లు రాయించారు. బుడ్డ పిల్లలు, వాళ్ల వెంట సర్కారు బడిలో చదివే అక్కలు, అన్నలు కలిసి పదకొండు మంది అయ్యారు. పన్నెండోది ఊరి చివరి ఇల్లు. భర్త పూనాలో కాంక్రీటు పనికి పోతే నాలుగేళ్ల బిడ్డతో ఒంటరిగా ఉండే ఒక కూలిపని ఆమె. డబ్బుల గురించి కాదు ఆమె భయం. "మా పిల్ల బువ్వమ్మ చేతి బువ్వ తప్ప ముట్టదక్కా. పొద్దంత ఆ బస్సుల వోయి ఉపాసముంటదా?" అన్నది. పదకొండుతోనే వనపర్తికి వచ్చేశాను, ఉద్యోగం పోయినట్టే అనుకుని మే నెలంతా దిగులుతో గడిపాను.

జూన్‌లో బడి తెరిచిన నాడు, మా బస్సులోంచి ఆ కూలిపని ఆమె, బిడ్డ చెయ్యి పట్టుకుని దిగింది. మా పిల్లను రాసుకోండి అన్నది. నా మాటలు ఆమె మనసులో నాటుకున్నాయని పొంగిపోయాను. కరస్పాండెంట్ సారు అందరి ముందూ నా పేరెత్తి మెచ్చుకున్నాడు. ఆ మెప్పును చాలా ఏళ్లు దాచుకున్నాను.

తర్వాతది మీరు ఊహించగలరు, నేనే ఊహించలేకపోయాను. పిల్లలు తగ్గారని సర్కారు బడిలో ఇద్దరు సార్లలో ఒకరిని బదిలీ చేశారు. అయిదు తరగతులకూ ఒక్క సారే అయ్యేసరికి మిగిలిన తల్లిదండ్రులు ఎవరూ అడగకుండానే పిల్లల్ని బస్సెక్కించారు. నేను ఊరికి పోయినప్పుడల్లా అమ్మీ పొయ్యి మీద గిన్నె మారేది. మొదట డేక్సా పోయి దాని సగముండే బగోన వచ్చింది, మరుసటేడు ఇంట్లో వాడుకునే గిన్నె వచ్చింది. చూశాను. అడగలేదు. మూడో ఏడు బడికి తాళం పడింది. సర్కారు సామాను సర్కారుకు అప్పజెప్పిన అని మాత్రం అన్నది అమ్మీ. నా దగ్గరకు వచ్చెయ్యమంటే, "నాకు ఈడ పనున్నది," అన్నది. తాళం పడ్డ బడిలో నీకేం పని అని నేను నవ్వాను కూడా.

ఇటు నా తరగతిలో మా ఊరి పిల్లలు మధ్యాహ్నం చల్లారిన డబ్బాలు విప్పుకుని గోడవారగా కూర్చునేవారు. ఆ కూలిపని ఆమె బిడ్డ రెండు ముద్దలు తిని మూత పెట్టేసేది. అన్నం వదిలేస్తావా అని ఎన్నిసార్లు కసిరానో. ఒకనాడు చెయ్యి కూడా చేసుకున్నాను. ఆ పిల్ల ఏడవలేదు, సాయంత్రం తింట మేడం అని మాత్రం అన్నది. మొండిది అనుకున్నాను. ఒకసారి సాయంత్రం పూట ఊరికి పోతే అమ్మీ వేడి అన్నం దించి రెండు పళ్లాలు కడిగి పెట్టుకుని ఉంది. ఎవరొస్తున్నారంటే, ఎవరో ఒకరు వస్తరు తీ అన్నది. బస్సు తప్పిపోతుందని నా తొందర నాది.

ఆరేళ్ల కిందట అమ్మీ పోయింది. నలభయ్యోనాటి ఫాతియా ప్రార్థనకు ఊరంతా వచ్చింది. భోజనాలయ్యాక ఆ కూలిపని ఆమె, డిగ్రీలో చేరిన తన బిడ్డతో వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ పిల్ల అంతసేపూ అమ్మీ చిన్న గిన్నెను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూనే ఉంది. నేను దాని పాత పంతులమ్మలా ఓదార్చబోయాను.

"నీకు తెల్వదా అక్కా?" అన్నది ఆమె. "ఆ ఏడు ఎండల మీ అమ్మ నడుసుకుంట మా ఇంటికొచ్చింది. నా బిడ్డకు ఒక్క పిల్ల తక్కువైంది, కొలువు పోతది, నీ పిల్లను పంపు అన్నది. బువ్వ వండేటిదానివి నువ్వే, పిల్లలు పోతే నీ పొయ్యి గతేంది అన్న. నా పొయ్యి సంగతి నేను చూసుకుంట, పిల్ల బస్సు దిగంగనె నా ఇంటికి రమ్మను, నేను పెడత అన్నది. ఇది అయిదో తరగతయి హాస్టలుకు పోయేదాక పెట్టింది. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది."

నేను ఆమె పిల్లల్ని తీసుకుపోతున్నానని ఆమెకు మొదటి రోజే తెలుసు. పదకొండు మందిని నేను తీసుకుపోయాను, పన్నెండోదాన్ని ఆమే తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె పెట్టే అన్నం కోసం ఆకలి దాచుకున్న పిల్లను నేను కొట్టాను. ఆ పిల్లను దగ్గరకు తీసుకుని ఆ సంగతి చెప్పి క్షమించమన్నాను. ఆ పిల్లకు అది గుర్తే లేదు. బువ్వమ్మ పెట్టిన గోంగూర పప్పు మాత్రం గుర్తుంది.

ఇప్పుడు మా ఊరికి పొద్దున్నే నాలుగు బడుల బస్సులొస్తాయి. తాళం పడిన బడి వరండాలో ఎవరో మిరపకాయలు ఎండబోసుకుంటున్నారు. తల్లిదండ్రులు తమ పిల్లలకు మంచి బడి వెతుక్కోవడాన్ని నేను తప్పు పట్టను, వాళ్ల ఆశ ఎంత నిజమైనదో నాకంటే ఎవరికి తెలుసు. అయితే సాయంత్రం ఆ బస్సులు దిగిన పిల్లలు ఎవరి గడపలోకి పరుగెత్తుతున్నారో నాకు తెలియదు. మా అమ్మీ లాంటి మనిషి ఆ ఊళ్లో ఇప్పుడు లేదని మాత్రం తెలుసు.

వంటింట్లోంచి బయటికొచ్చి, నీకు నచ్చిన బడిలో వెయ్యి అని మా అమ్మాయితో అన్నాను. మనవరాలు ఆకలవుతుందంటే ఆ చిన్న గిన్నె దించి పిడికెడు బియ్యం పోశాను. ఆ గిన్నె ఎందుకు చిన్నదైందని అమ్మీని నేను ఒక్కసారైనా అడగాల్సింది. అడిగినా చెప్పేది కాదు, నాకు తెలుసు. అయినా అడగాల్సింది.