రాని వాళ్ల కుర్చీలు

నిరోషకు కోపం ఒక ఆదివారం పొద్దున పుట్టింది. అప్పటినుంచి అది పడుకోలేదు.

ఆ పొద్దున రామంతాపూర్‌లోని పెద్ద చర్చిలో ఆమె భర్త సామేలు తల మీద నూనె పోసి ప్రార్థన చేశారు. యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు పని చేసుకుంటూనే తార్నాకలో కొత్త సంఘం మొదలుపెట్టమని పంపుతున్నారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న నిరోష కళ్లు తుడుచుకుంటోంది. అప్పుడు సామేలు మైకు అందుకుని, క్రిస్మస్ కల్లా వందమందిని చూపిస్తానన్నాడు. ఎవరూ అడగలేదు. అడగని మాటకు హాలంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది ఆ చర్చి పాస్టరు సుదర్శన్ అయ్యగారు. అప్పటిదాకా హాలు అద్దె మాదేనని ఆయనా మైకులోనే అన్నారు. నిరోష కన్నీళ్లు అక్కడే ఎండిపోయాయి.

తార్నాకలో జిరాక్స్ షాపు పైన హాలు దొరికింది. పక్క బస్తీ మాణికేశ్వర్ నగర్ వాళ్లు చాపల మీద కూర్చుంటారు గానీ స్టూడెంట్లు కూర్చోరని, సామేలు టెంట్ హౌస్ నుంచి వంద ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాడు. ప్రారంభం రోజు పెద్ద చర్చి జనం బస్సుల్లో దిగారు. మెట్ల మీద కూడా మనుషులే. బిర్యానీ, ఫోటోలు, ఆ ఫోటోలతో గేటుకు ఒక ఫ్లెక్సీ. మరుసటి ఆదివారం ఎవరి చర్చికి వాళ్లు పోయారు.

మిగిలింది హాస్టల్ ఊడ్చే ఉప్పలమ్మ, ఆమె గల్లీ ఆడవాళ్లు, కొందరు స్టూడెంట్లు. పరీక్షల ముందు స్టూడెంట్లు పెరిగేవారు. క్యాంపస్ రోడ్ల మీద తురాయి పూలు రాలే వేళకు సంచులు సర్దుకుని ఊళ్లకు పోయేవారు. సామేలు ల్యాబులో ఏటా చూసే సంగతే అది. తన సంఘానికి మాత్రం సెలవులుండవనుకున్నాడు.

కుర్చీకి రాని మనిషి ఆకారం ఉంటుంది. ఒక వీపు, ఒక ఒడి, రెండు చేతులు. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆ ఒళ్లలో కూర్చునేది. సామేలుకు ఆ ఖాళీలే కనిపించేవి. వాక్యం చెబుతూ చెబుతూ గొంతు పెంచేవాడు. వారానికి ఒక్క పూట దేవుడికివ్వలేని బతుకులేమిటని అరిచేవాడు. ఆ మాటలు పడాల్సిన వాళ్లు నిద్రలోనో ఊళ్లోనో ఉండేవారు. వినేది ఉప్పలమ్మ.

నవంబరులో ఒక ఆదివారం ఉప్పలమ్మ రాలేదు. తర్వాతి వారం ఆమె గల్లీ ఆడవాళ్లూ రాలేదు. నిరోష మాణికేశ్వర్ నగర్ వెళ్లింది. గడపలో కూర్చుని చింతపండు గింజ తీస్తున్న ఉప్పలమ్మ తల ఎత్తింది గానీ లేవలేదు.

"రానోళ్ల మీది కోపం వచ్చినోళ్ల మీద తీస్తున్నడు సామేలు అయ్యగారు," అంది. "పొద్దుగాల వార్డెన్‌తోని తిట్లు తినే వస్త నేను. గాడికొచ్చి గూడ తినాల్నా? ఒక్కనాడన్న నన్ను చూసి వాక్యం చెప్పిండా, అమ్మగారూ? నా ఎనుక కుర్చీని చూస్తడు."

నిరోష ఇంటికి వచ్చేసరికి సామేలు ఫోనులో ఉన్నాడు. క్రిస్మస్ దగ్గరపడుతోందని వచ్చే ఆదివారం సుదర్శన్ అయ్యగారు సంఘాన్ని చూడడానికి వస్తున్నారట. పెద్ద చర్చి యూత్‌ను ఒక్క పూట పంపమని బతిమాలుతున్నాడు.

"మళ్లా అరువు మనుషులా?" అంది.

"ఒక్క వారం, నిరోషా. హాలు పోతే సంఘం పోతది."

"సంఘం పోయింది. గిప్పుడే చూసొచ్చిన. గడపల కూసోని చింతపండు ఒలుస్తున్నది."

ఉప్పలమ్మ మాటలు ఒక్కటీ తగ్గించకుండా చెప్పింది. తాను వాళ్లను తిట్టలేదన్నాడు సామేలు. మరి కుర్చీలను తిట్టావా అని అడిగింది. ఆమె అతని ఫోను తీసుకుని యూత్ వాళ్లను రావద్దని చెప్పింది. శనివారం ఆమె పిలిపించిన టెంట్ హౌస్ ట్రాలీ వచ్చి కుర్చీలు ఎత్తుకుపోతుంటే అతను కిటికీ దగ్గర నిలబడి చూశాడు. అడ్డం రాలేదు.

ఆ నెల చివరి ఆదివారం నిరోష చాపలు పరిచింది. కొందరు స్టూడెంట్లు వచ్చారు. కుర్చీలు తీసేశామని నిరోష కబురు పెడితే ఉప్పలమ్మ తన గల్లీ ఆడవాళ్లతో వచ్చింది. గుమ్మం పక్కనే, చెప్పులు చేతికందేలా కూర్చుంది. అయ్యగారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, వందమంది ఎక్కడని అడిగారు. నిరోష లేచింది.

"వంద అన్నది మా ఆయన నోరు, అయ్యగారూ. చప్పట్లు కొట్టినయి మీ చేతులు. వీళ్లెవరూ ఆ మాట ఇయ్యలేదు. ఉన్నది గింతమందిమే. సెలవులొస్తే ఇంకా తగ్గుతం."

అయ్యగారు ఆమెను చూడనేలేదు. "ఇంట్ల పాస్టరు ఎవరు సామేలూ, నువ్వా, అమ్మగారా?"

స్టూడెంట్లలో ఎవరో నవ్వారు. సామేలు నవ్వలేదు. "ఆమె చెప్పింది నిజమే, అయ్యగారూ," అన్నాడు.

ఆయన కూర్చోవడానికి కుర్చీ కోసం చూసి, గోడకు ఆనుకుని నిలబడ్డారు. సామేలు బైబిలు తెరిచాడు. చూడడానికి ఖాళీలు లేవు. చాప ఎంతమంది కూర్చుంటే అంతే కనిపిస్తుంది. అతని గొంతు పైకి లేవలేదు. గుమ్మం వైపు, ఉప్పలమ్మ ముఖంలోకి చూస్తూ చెప్పాడు. అయ్యగారు మధ్యలోనే వెళ్లిపోయారు. హాలు అద్దె ఈ నెలతో ఆఖరని మెట్ల మీద అన్న మాట లోపలికి వినిపించింది.

ప్రార్థన అయ్యాక నిరోష చాపలు విసురుగా చుట్టసాగింది. వంద అనని వాళ్లకు శిక్ష వేసిన ఆ మెట్ల మీది మాట ఆమె చెవుల్లో మండుతూనే ఉంది. ఉప్పలమ్మ వచ్చి రెండో కొస పట్టుకుంది.

"మరి వచ్చే ఆయితారం యాడ, అమ్మగారూ?"

"మీ ఇంట్ల ఈ చాప పడ్తదా?"

ఉప్పలమ్మ చాపను చేత్తో కొలిచి చూసింది. "పడ్తది. సామేలు అయ్యగారు మాత్రం గడప మీద నిలవడాలె. అరిస్తే బయటికి తోసుడు సులువైతది."

సామేలు చాపను భుజానికెత్తుకుని ముందు దిగాడు. గేటు దగ్గర ఫ్లెక్సీలో జనం ఇంకా నవ్వుతున్నారు. నిరోష దాని తాళ్లు పళ్లతో కొరికి తెంపింది.