ముప్పై ఒకటో నంబరు స్లైడు

శ్రీ సిటీలో మా కంపెనీ ఏటా వైద్య పరీక్షలు చేయిస్తుంది. మొన్న నర్సు నా వేలికి స్పిరిట్ దూది అద్దగానే ఆ చల్లదనానికి, ఆ ఘాటుకు తిరుపతిలో డిగ్రీ రెండో ఏడాది జువాలజీ ల్యాబ్ గుర్తొచ్చింది. దానితో పాటే మస్తాన్ సార్.

ఆయన చెప్పేదానికన్నా అడిగేదే ఎక్కువ. మానవ వైవిధ్యం పాఠం రోజు అటక మీది పాత పటం ఒకటి దింపించారు. అందులో నాలుగు ముఖాలు, కింద నాలుగు జాతుల పేర్లు. “చర్మం రంగు ఊరూరికీ కొంచెం కొంచెంగా మారతా పోతాది. మరి ఈడ గీత గీసిందెవరు? ఎందుకు గీసినాడు? సూసిందల్లా నమ్మొద్దండబ్బా,” అన్నారు.

నేను ఆయన్ను కూడా నమ్మలేదు. మరుసటి రోజు రక్త గ్రూపుల ప్రాక్టికల్‌కు ఆయన అడ్మిషన్ల జాబితా తెచ్చుకున్నారు. అందులో రోల్ నంబరు, పేరు, తండ్రి పేరు, కేటగిరీ ఉంటాయి. నా నంబరు ముప్పై ఒకటి, కేటగిరీ ఎస్సీ. ఆ సంగతి క్లాసులో ఎవరికీ చెప్పలేదు, నా పక్కన కూర్చునే లోకేష్‌కు కూడా. మా నెత్తురును కులాలవారీగా పేర్చి సార్ ఏదో నిరూపించబోతున్నారని అనుమానించాను. ఆ లెక్క చెడగొట్టాలని, ట్రేలో పెట్టేటప్పుడు నా స్లైడు మీది నంబరు చీటీని లోకేష్ చీటీతో మార్చి అంటించాను.

పరీక్ష అయ్యాక సార్ నంబర్లు కనపడకుండా స్లైడ్లన్నీ కలిపేశారు. “ఏది ఎవురి కులానిదో ఏరి పెట్టండి, సూద్దాం.”

“ఎట్ల తెలుస్తాది సార్?” అన్నాడు లోకేష్.

“నాకూ తెల్దప్పా. ఏండ్ల తరబడి అడగతానే ఉండా.”

క్లాసంతా నవ్వింది. తర్వాత నంబర్లవారీగా గ్రూపులు చదివారు. లోకేష్‌కు బి వచ్చింది. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో అదే రాస్తానన్నాడు. ఆ బి నాది. వాడిది ఓ.

సాయంత్రం సార్ గదికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన జాబితా నా ముందుకు తోశారు. కేటగిరీ నిలువు వరస కత్తెరతో కత్తిరించి ఉంది.

“ఆ ముక్క యాడుంది సార్?”

ఆయనకు కోపం రాలేదు. “పొద్దున్నే కాల్చేసినా. నమ్మకుంటే నమ్మొద్దు. అనుమానముంటే నన్నడగల్ల. వాని నెత్తురు ఎందుకు మార్చినావు?”

“ఆస్పత్రిలో మళ్లా చూస్తారు కదా సార్.”

“సూడకపోతే? పో, వానికి సెప్పు.”

“ఎందుకు మార్చినానో కూడా చెప్పాల్సొస్తాది.”

“సెప్పల్ల, తప్పదు.”

బండ్ల స్టాండు దగ్గర లోకేష్‌కు అంతా చెప్పాను, కులంతో సహా. వాడు పెట్టబోయిన బండి తాళం వెనక్కి తీశాడు. “నాది ఓనా, బీనా? అది సెప్పు ముందు.”

“ఓ.”

“నన్ను గూడా అనుమానించినావు గదరా,” అని వెళ్లిపోయాడు. వారం రోజులు వెనక బెంచీలో కూర్చున్నాడు. ఎనిమిదో రోజు మళ్లీ నా పక్కకు వచ్చాడు. ఆ వారం కోపం చీటీ మీదో, కులం మీదో నాకు నేటికీ తెలియదు. సార్ ఆ ముక్కను నిజంగా కాల్చారో లేదో కూడా తెలియదు.

ఇప్పుడు కంపెనీలో ఫారాలు తయారుచేసే పని నాదే. మనుషుల గురించి కొత్త గడి ఏది చేర్చమన్నా, “ఇది దేనికి సార్?” అని మేనేజరును ముఖం మీదే అడుగుతాను. జవాబు వచ్చేదాకా సంతకం పెట్టను.