చెరువు మీదుగా గీసిన గీత

మనిషి ఉండే చోటుకీ, అతనికి దక్కే న్యాయానికీ ఉన్న సంబంధం మీద నేను పరిశోధన చేశాను. ఆ మాట చెప్పుకోవాలంటే ఇప్పుడు రోత పుడుతుంది.

అల్లవరం దాటాక ఒక ఊరు. ఊరికి తూర్పున దళితుల పేట. ఒకప్పుడు మధ్యలో వరిచేలుండేవి, ఇప్పుడు రొయ్యల చెరువులు. అవి వచ్చాక పేటలో బోరు నీళ్లు ఉప్పగా మారిపోయాయి. తాగడానికి ఊళ్లో కుళాయే గతి. పేటలో ఒక కుళాయి వేయించమని అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయిన ఒకావిడ నన్ను ఇల్లిల్లూ తిప్పింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని ఆవిడది. నాకోసం కూలి మానుకుని మరీ వచ్చేది. చదువుకున్నవాడు రాస్తే పైవాళ్లు నమ్ముతారని ఆశ. వెళ్లినప్పుడల్లా గ్లాసుతో కుళాయి నీళ్లిచ్చేది. గటగటా తాగేసి దూరాలు రాసుకునేవాణ్ణి.

రాసుకున్నానంటే నడిచానని కాదు. అవతలి రోడ్డు మీంచి బండి మీద వచ్చి, ఆవిడ అరుగు మీద కూర్చుని, ఇంటికీ కుళాయికీ మధ్య ఫోనులో తిన్నగా గీత గీసేవాణ్ణి. ఎండన పడకుండా పనైపోయిందని సంబరం కూడా. సెమినారులో మా గైడుగారు ఆ మ్యాపు ఎంత శుభ్రంగా ఉందో అని మెచ్చుకుని శాలువా కప్పించారు. సిగ్గులేకుండా కప్పించుకున్నాను.

ఆవిడ నా వ్యాసం జతచేసి మళ్లీ అర్జీ పెట్టింది. ఆఫీసులో నా మ్యాపే ఆవిడ ముందు పెట్టి, కుళాయి దగ్గర్లోనే ఉంది, కొత్తది అక్కర్లేదని పంపేశారు.

విషయం తెలిసి వెళ్లాను. తిట్టినా బాగుండేది. మ్యాపు అరుగు మీద పరిచి, గీత మీద వేలు పెట్టింది.

"మేష్టారూ, ఈ దారిన మీరెప్పుడైనా నడిచేరాండీ?"

లేదన్నాను.

"ఇది చెరువండీ. గట్టుకి కంచె కట్టేసేరు. మేం చుట్టూ తిరిగే వెళ్తామండీ. మీకిచ్చిన నీళ్లూ అలాగే తెచ్చేను."

అంటూనే అలవాటుగా గ్లాసు నా ముందు పెట్టింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ముట్టుకోబుద్ధి కాలేదు. కానీ తాగకపోతే, కులం అడ్డొచ్చిందనుకుంటుంది.

తాగాను.